మంద కనబడే టికెట్

పంతొమ్మిది వందల అరవై ఒకటి. జొన్న కోతలు అయిపోయి చేలన్నీ ఖాళీగా పడున్న రోజులు. మా ఎగ్జిబిషన్ తాండూరులో డేరాలు పీకేసి వికారాబాదు స్టేషన్ వెనక మైదానంలో దిగింది. "మా" అన్నానని నేనేదో దానికి యజమానిని అనుకునేరు! జనానా కౌంటర్‌లో, అంటే ఆడవాళ్ళ కిటికీలో, కూర్చుని టికెట్లిచ్చే పిల్లని. మా నాన్న తాండూరు బండల గనిలో రాయి కొట్టేవాడు. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. ఆడవాళ్ళు మగవాళ్ళ లైనులోకి పోలేక గేటు దాకా వచ్చి తిరిగిపోతున్నారని, తాండూరులోనే మేనేజరు గారు నన్ను పనిలో పెట్టుకున్నారు. వికారాబాదులో మా మేనత్త ఇల్లుంది కాబట్టి అక్కడికీ వెళ్ళాను.

టికెట్లమ్మడమంటే చింపివ్వడమే కదా అని చాలామంది అనుకుంటారు. అంత తేలిక కాదు. మా దగ్గర రెండు రకాలుండేవి. ఒకటి సింగిల్, ఏ ఆట చూస్తే దానికే టికెట్. రెండోది కాంబినేషన్, అంటే ఒకే టికెట్ మీద అన్నీ చూడొచ్చు: అద్దాల గది, మ్యాజిక్, మౌత్ కా కువా అనే మోటార్ సైకిల్ బావి, రంగులరాట్నం, ఆఖరికి జెయింట్ వీల్. అన్నీ చూసేవాళ్ళకి కాంబినేషనే లాభం. కానీ అన్నీ చూసే కుటుంబం ఎక్కడుంటుంది? చంటిపిల్ల తల్లి జెయింట్ వీల్ ఎక్కదు. ముసలమ్మ బావి దగ్గరికి పోదు. మ్యాజిక్‌లో మనిషిని కోస్తుంటే పిల్లలు ఏడ్చి బయటికొచ్చేస్తారు. అందుకే నేను ముందు ప్రశ్నలు వేసేదాన్ని. ఎంతమంది వచ్చారు, కళ్ళు తిరిగేవాళ్ళున్నారా, ఎంతసేపు ఉంటారు అని. అన్నీ విన్నాక ఏ టికెట్ కొంటే మేలో చెప్పేదాన్ని.

మేనేజరు గారికి ఇది నచ్చేది కాదు.

"సుగుణమ్మా, నువ్వు టికెట్లమ్ముతున్నావా, సంబంధాలు కుదురుస్తున్నావా?" అని దెప్పేవారు.

పిల్లలకి హాఫ్ టికెట్ ఇవ్వడానికి కిటికీ పక్కన ఒక కర్ర పాతి, దానికి ఎర్ర గీత పెట్టాం. గీత కంటే పొట్టిగా ఉంటే హాఫ్. కర్ర దగ్గరికి రాగానే పిల్లలందరికీ మోకాళ్ళు వంగిపోయేవి. వెనకనుంచి తల్లులు భుజం నొక్కేవారు. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

మేం దిగిన వారానికనుకుంటా, ఒక సాయంత్రం నా కిటికీలోకి ఒక మగచెయ్యి వచ్చింది. ఎండకి మాడి, వేళ్ళు మొద్దుబారిన చెయ్యి. దానిమీద ఒక తువ్వాల కప్పి ఉంది. తువ్వాల తీసి డబ్బులిస్తాడేమో అనుకుని నా చెయ్యి చాపాను. ఆ చెయ్యి తువ్వాల కిందే నా వేళ్ళు రెండు గట్టిగా పట్టుకుని నొక్కింది.

నేను పెట్టిన కేకకి టికెట్ల కట్ట కిందపడింది. లైనులో ఉన్న ఆడవాళ్ళు ఊరుకుంటారా!

"ఓయ్, సిగ్గు లేదా నీకు? ఆడివిల్ల చెయ్యి వట్టుకుంటవా?"

"బిడ్డంత ఉంటది గదరా నీకు!"

కిటికీలోంచి తొంగిచూశాను. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, పక్కన ఇద్దరాడపిల్లలు. ఆ మనిషి మొహంలో తప్పు చేసినవాడి బెదురు లేదు. ఏమైందో అర్థంకాక బిత్తరపోయి ఉన్నాడు.

"నేనేమన్న బిడ్డా? రెండిస్తనంటున్న. తక్కువైతె నువ్వు ఇంకో ఏలు వట్టియ్యి. అర్సుడెందుకు?"

లైనులో ఒక పెద్దామె పకపకా నవ్వింది. "అయ్యో, గొర్ల బేరం జేస్తుండే! తిట్టకుండ్రి, అమాయకుడు!"

అప్పుడు తెలిసింది నాకు. గొర్రెల సంతలో ధర పైకి చెప్పరట. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. పక్కవాడికి తెలియకుండా బేరం తెగిపోతుంది.

"ఇక్కడ బేరం లేదు కాకా" అన్నాను. నాకూ నవ్వాగలేదు. "ధర బోర్డు మీద రాసుంటుంది."

"గట్లంటవేంది? నా ముందటోళ్ళు తలో ధర ఇచ్చిరి, నేను జూడలేదా? ఒకామె ఎక్కువిచ్చె, ఒకామె తక్కువిచ్చె. మరి బేరమే గదా?"

నిజమే మరి! ఒకరు కాంబినేషన్, ఒకరు సింగిల్, ఒకరు హాఫ్. చూసేవాడికి బేరంలాగే ఉంటుంది. నేను రెండు రకాలూ విడమరిచి చెప్పాను. మగవాళ్ళ లైనులో తోపులాట చూసి, పిల్లలు నలిగిపోతారని ఇటొచ్చాడట. చివరికి పిల్లలిద్దరికీ రంగులరాట్నం టికెట్లు తీసుకున్నాడు. తనకేమీ తీసుకోలేదు. పిల్లలు కొయ్యగుర్రాల మీద తిరుగుతున్నంతసేపూ ఆయన మెడ రైలు పట్టాల వైపే తిరిగి ఉంది. చీకటి పడకముందే పిల్లల్ని లాక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అదే పిల్లలు మళ్ళీ వచ్చారు. ఈసారి తల్లితో. చేతులనిండా వెండి కడియాలు, నుదుట రూపాయంత బొట్టు. పెద్దపిల్ల పోశవ్వ నన్ను చూపించి "అవ్వా, నాయిన చెయ్యి వట్టింది గీ అక్కనే" అంది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. పేరు కొమురమ్మ. ఆయన పేరు బీరయ్య.

"కాకా రాలేదా చిన్నమ్మా?"

"మందకాడ ఉన్నడు. పట్టాల అవుతల రెడ్డి చేన్ల మంద వెట్టినం."

మంద పెట్టడమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కోతలయ్యాక రైతు తన చేలో గొర్రెల్ని రాత్రుళ్ళు పడుకోబెట్టుకుంటాడు. ఎరువు చేలో పడుతుంది. అందుకు కాపరికి గింజలిస్తాడు. తడకలు చుట్టూ పాతి గొర్రెల్ని లోపలికి తోలతారు. ఒక చేను అయ్యాక ఇంకో చేనికి. వీళ్ళకి ఈ చేలో ఇంక రెండు రాత్రులే మిగిలాయి. ఎల్లుండి తెల్లవారగానే పూడూరు వైపు పోవాలి.

"అయితే రేపు ఇద్దరూ కలిసి రండి" అన్నాను తేలిగ్గా.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇద్దరమెట్ల వస్తం బిడ్డా? మందనెవలు జూస్తరు? తోడేలు తిరుగుతది. పక్కన రైలు పట్టాలాయె."

"ఎప్పుడూ ఒక్కరే వస్తారా?"

"ఇర్వై ఏండ్ల సంది గంతే. ఆయన పెండ్లికి వోతె నేను మందకాడ. నేను సావుకు వోతె ఆయన మందకాడ. అనంతగిరి జాతరకు ఆయన పొద్దుగాల వోతడు, నేను మాపటికి వోత. ఆడ దేవునికి కూడ మేము ఆలుమొగలమని ఎరుక లేదు!"

లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆమె నవ్వు ముందుగా ఆగిపోయింది. కిటికీ దగ్గరికి మొహం తెచ్చి గొంతు తగ్గించి అంది:

"మా పెండ్లినాడు ఒక్క పీట మీద కూసున్నం. మల్ల కూసోలె. గందుకే నిన్నడుగుతున్న. ఇయ్యాల నేను జూస్త, రేపు ఆయన జూస్తడు. గిన్నిట్ల ఏది మంచిదో నువ్వే చెప్పు. కానీ ఇద్దరం ఒక్కటే జూడాలె. అప్పుడు మాపటికి ముచ్చట వెట్టుకోవచ్చు."

అన్నేళ్ళలో, అంటే నాకు అన్నేళ్ళేం లేవు గానీ, ఆ పనిలో ఉన్నన్నాళ్ళలో అలాంటి బేరం నా దగ్గరికి రాలేదు. అందరూ తక్కువలో ఎక్కువ చూడాలని వస్తారు. ఈమె ఒక్కటే చూడాలి, అది ఆయన చూసిందే అయ్యుండాలి.

అప్పుడు తట్టింది. రోజూ మధ్యాహ్నం గేటు తెరవకముందు జెయింట్ వీల్‌కి ట్రయల్ వేస్తారు. ఖాళీగా తిప్పితే ఊగుతుంది కాబట్టి బరువు కోసం మా పనివాళ్ళం ఎక్కేవాళ్ళం. అంతెత్తు చక్రం వికారాబాదు అదే మొదటిసారి చూడటం. పైకి పోయినప్పుడు స్టేషన్ కప్పు మన కాళ్ళ కింద ఉండేది. అటు అనంతగిరి గుట్టలు, ఇటు పట్టాలు. పట్టాల అవతల చేలో నల్లగా ఏదో పరుచుకుని ఉండటం మూడురోజులుగా చూస్తున్నాను. అది మంద!

"చిన్నమ్మా, ఇవాళ టికెట్ కొనొద్దు."

"ఏమాయె?"

"రేపు పొద్దుగూకక ముందే మందని తడకల్లోకి తోలి, ఇద్దరూ రండి. జెయింట్ వీల్ ఎక్కిస్తాను. దానిమీద కూర్చుంటే మీ మంద కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడి నుంచి చేను ఎంత దూరం, ఒక పరుగు. కుక్క ఉంది కదా?"

ఆమె ఆ చక్రం వైపు తలెత్తి చూసింది. పై తొట్టె దాకా చూసేసరికి కొంగు జారిపోయింది. "ఆయన ఒప్పుకోడు" అంది. కానీ కళ్ళు దించలేదు.

వెనకనుంచి మేనేజరు గారు దగ్గారు. "టికెట్ కొనొద్దని చెప్పే కౌంటరు ఎక్కడైనా ఉందా సుగుణమ్మా? డేరాలు పీకేయమంటావా?"

మర్నాడు సాయంత్రం వాళ్ళొచ్చారు. ఇద్దరూ. పిల్లలు ముందు, ఆమె వెనక, ఆయన ఇంకా వెనక. పదడుగులకోసారి ఆగి వెనక్కి చూస్తూ బీరయ్య నడుస్తుంటే, ఎవరో ఆయన్ని తాడుతో వెనక్కి లాగుతున్నట్టుంది. కిటికీ దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగాడు.

"కనబడ్తదా?"

"కనబడుతుంది కాకా. కనబడకపోతే దిగిపోండి."

కిటికీని మేనత్త కూతురికి అప్పగించి నేనూ వాళ్ళతో వెళ్ళాను. దానికి కారణముంది. జెయింట్ వీల్‌లో ఒక రహస్యం మా పనివాళ్ళకే తెలుసు. అందరికంటే ముందు ఎక్కినవాళ్ళకి ఎక్కువ లాభం. మిగతా తొట్టెలు నింపడాన్ని లోడింగ్ అంటారు. ఒక్కో తొట్టె కిందికి తెచ్చి, ఆపి, ఎక్కించి, మళ్ళీ కొంచెం తిప్పి ఆపుతారు. ముందు ఎక్కినవాళ్ళు అలా ఆగుతూ ఆగుతూ పైకి పోయి, ఆ కొసన కూర్చుని ఊరంతా చూస్తారు. అదే టికెట్, అదే ధర. చివర ఎక్కినవాళ్ళకి తిరగడమే గానీ చూడటం ఉండదు.

వీల్ నడిపే ఖాసిం చాచాకి విషయం చెప్పాను. ఆయన గడ్డం దువ్వుకుని "ఇర్వై సాల్?" అన్నాడు. "చలో, దూల్హా దుల్హన్‌ని ముందు కూసోబెట్టు."

బీరయ్య, కొమురమ్మ ఒక తొట్టెలో కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత సందు వదిలారు. పిల్లల్ని పక్క తొట్టెలో ఎక్కించాం. చక్రం కదలగానే కొమురమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన గొంగడి పట్టుకుంది. ఆగింది. కదిలింది. ఆగింది. వాళ్ళు పైకొసకి చేరేసరికి కింద ఒక సావుకారి భార్య ఎక్కనని మొరాయించింది. "నేనెక్క, నాకు గుండెదడ" అని ఆమె, "టికెట్ గొన్నంక ఎక్కకపోతె ఎట్ల" అని ఆయన. మంచిదే అనుకున్నాను. ఎంతసేపు పోట్లాడితే పైవాళ్ళకి అంత లాభం.

తలెత్తి చూశాను. కొమురమ్మ కళ్ళు తెరిచింది. ఆయన చెయ్యి చాపి ఏదో చూపిస్తున్నాడు. ఇద్దరి మధ్య సందు ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ ఇద్దరి వెనక ఆకాశమంతా కుంకుమ రంగు.

అంతలో బీరయ్య లేచి నిలబడ్డాడు.

"బైఠో! అరె, కూసో! పడ్తవ్!" ఖాసిం చాచా అరిచాడు.

పైనుంచి ఆయన ఏదో కేకలేస్తున్నాడు. ఒక్క ముక్క వినబడదు. మా లౌడ్‌స్పీకర్‌లో పాట మోగుతోంది, ఇంజను డుగుడుగులాడుతోంది. పక్క తొట్టెలోంచి పోశవ్వ ఏడుపు గొంతుతో కిందికి అరిచింది.

"అక్కా! పొట్టేలు తడక వడగొట్టింది! మంద బయటికొచ్చింది! పట్టాల మీదికి వోతున్నయ్!"

నేను స్టేషన్ వైపు చూశాను. సిగ్నల్ చెయ్యి వాలి ఉంది. తాండూరు ప్యాసింజరు వచ్చే వేళ.

రమ్మన్నది నేను. కనబడుతుందని చెప్పింది నేను. కనబడటం వేరు, కాపాడటం వేరు కదా! ఆయన్ని దించాలంటే చక్రం సగం తిరగాలి. దిగి పరుగెత్తేసరికి బండి వచ్చేస్తుంది. వాళ్ళకి చేను లేదు, చెలక లేదు. ఆ మందే ఇల్లు, అదే తిండి.

అప్పుడు కొమురమ్మ నోటి దగ్గర చెయ్యి పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టి నాకు సైగ చేసింది. అర్థమైంది: ఈ మోత ఆగితేనే వాళ్ళ పిలుపు మందకి వినబడుతుంది. పరుగెత్తాను. మైకు డేరాలోకి దూరి, పాడుతున్న రికార్డు మీది ముల్లు ఎత్తేశాను. "అరే, ఎవరమ్మా నువ్వు!" అంటున్నాడు మైకు ఆయన. "చాచా! ఇంజన్ బంద్!" అని డేరాలోంచే అరిచాను. ఖాసిం చాచా బ్రేకు బిగించి ఇంజను ఆపేశాడు.

అంత పెద్ద మైదానం ఒక్కసారిగా మూగబోయింది.

ఆ నిశ్శబ్దంలోకి బీరయ్య పిలుపు వేశాడు. అది మాట కాదు, పాట కాదు. నాలుక కొసతో డుర్ర్ర్ అని మొదలై, పొడుగ్గా సాగి, చివర హోయ్ అని విరిగే కేక. చక్రం మీదనుంచి బయల్దేరి, డేరాల మీదుగా, స్టేషన్ మీదుగా పోయింది.

"నిలబడ్డయ్!" పోశవ్వ అరిచింది. "నిలబడ్డయ్ నాయినా! కానీ మర్లుతలెవ్వు!"

దూరంగా రైలు కూత వినబడింది.

ఈసారి కొమురమ్మ పిలిచింది. ఆయనది ఆపే కేక అయితే, ఆమెది రమ్మనే కేక. గొర్రెపిల్లలకి పాలు తాగించేటప్పుడు పిలిచే సన్నటి గొంతు. ఆమె మొదలుపెట్టింది, ఆయన అందుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మంద ఒక పూట ఆయన గొంతు, ఒక పూట ఆమె గొంతు విన్నది. రెండూ కలిపి, అందులోనూ ఆకాశంలోంచి, ఏనాడూ వినలేదు. అద్దాల గది ముందున్నవాళ్ళు, బజ్జీలు వేయించే ఆమె, గుండెదడ అన్న సావుకారి భార్య, అందరూ తలలెత్తి నోళ్ళు తెరిచి నిలబడ్డారు.

ఎక్కడో గంట మోగింది. మెత్తగా, ఒక్కటే. మందకి ముందు నడిచే మేక మెడలోని గంట.

"గంటమేక మర్లింది! అన్ని మర్లినయ్! అన్ని దానెన్కనే!"

రైలు వచ్చింది. ఆ చప్పుడులో గంట మునిగిపోయింది. పెట్టెలన్నీ పోయాక అందరం చెవులు రిక్కించాం. గంట మళ్ళీ వినబడింది, ఇంకా దూరంగా, చేలోంచి.

ఖాసిం చాచా నెత్తిమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత గొంతు సర్దుకుని పైకి అడిగాడు. "దించుమంటావా భాయ్?"

బీరయ్య దించమనే అనబోయాడు. కొమురమ్మ ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"తడక సందుకు కుక్క అడ్డం ఉన్నది, నాకు కనబడ్తుంది. నువ్వు దిప్పు అన్నా. మా రౌండు ఇంక గాలె."

మైదానమంతా గొల్లున నవ్వింది. సావుకారి భార్య ఎవరూ చెప్పకుండానే ఎక్కి కూర్చుంది. చాచా ఇంజను వేశాడు. నేను మాత్రం పాట మళ్ళీ పెట్టనివ్వలేదు.

దిగాక బీరయ్య తిన్నగా చేనివైపు పరుగెడతాడనుకున్నాను. పరుగెత్తలేదు. కాసేపు నా పక్కన నిలబడ్డాడు. చిన్నపిల్లవాడిలా ఉంది ఆ మొహం.

"మందను ఎప్పుడు ఎనుకనుంచే జూసిన బిడ్డా. దుమ్ము, తోకలు, గంతే. గియ్యాల మొత్తం ఒక్కసారి జూసిన. ఎవలో గొంగడి ఆరేసినట్టుంది. గింతేనా, దీనికేనా మేమిద్దరం ఇన్నేండ్లు..." అని ఆగిపోయాడు.

"గింతే గాదు, మస్తు పెద్ద గొంగడి" అంది కొమురమ్మ. "ఇద్దరం గప్పుకున్నా ఇంక మిగులతది."

మర్నాడు ట్రయల్‌కి ఎక్కినప్పుడు చూస్తే పట్టాల అవతల చేను ఖాళీ. మంద పడుకున్నంత మేరా నేల నల్లబడి ఉంది.

ఆ తర్వాత నా ప్రశ్నలు మారిపోయాయి. అంతకుముందు ఎంతమంది వచ్చారని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ఇంటి దగ్గర ఎవరు ఉండిపోయారని అడుగుతాను. మంచంలో అత్తగారు, బాలింత కోడలు, ఈనబోయే బర్రె, ఏదో ఒకటి ఉంటుంది. ప్రతి కుటుంబంలోనూ ఒకరు రారు. వాళ్ళు రాగలిగే టికెట్ ఏదుందా అని వెతుకుతాను. దొరికిన రోజు అదే చవకైన టికెట్. ధర బోర్డు మీద ఏముంటే అది ఉండనీ.

మరుసటి ఏడు తాండూరులో దిగాం. ఒక సాయంత్రం రద్దీలో తల వంచుకుని చిల్లర ఇస్తుంటే కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది. వెండి కడియాలు, పైన చీర కొంగు కప్పి ఉంది. ఈసారి కేక వెయ్యలేదు. నా చెయ్యి చాపాను. కొంగు కింద ఆ చెయ్యి నా వేళ్ళు రెండు పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఏ టికెట్ అని నేను అడగలేదు. రెండు జెయింట్ వీల్ టికెట్లు చింపి, మొదటి తొట్టె ఖాళీగా ఉంచమని ఖాసిం చాచాకి కేకేశాను.